పెద్దలకు చోటు లేని గది

మూడో తరగతి గదిలో ఇసుక వేస్తే రాలదు. ఇద్దరు కూర్చోవలసిన బల్లకు ముగ్గురు. మధ్యలో కూర్చున్నవాడు రాయాలంటే అటూ ఇటూ ఉన్నవాళ్ళు చేతులు ముడుచుకోవాలి. అందుకని టీచర్ షాయిర్‌గుల్ ఒక పద్ధతి పెట్టింది. అంచులవాళ్ళు లెక్క చేసేటప్పుడు మధ్యవాళ్ళు నోట్లో ఎక్కం చెప్పుకుంటారు, తరవాత వీళ్ళు ఆపితే వాళ్ళు రాస్తారు. బల్లల మధ్య నడిచే దారి లేదు. వెనక వరసలో పిల్లల నోటుపుస్తకాలు గోడవారగా చేతులు మారుతూ ఆమె దాకా వస్తాయి, దిద్దాక అదే దారిన తిరిగి పోతాయి. మొత్తం యాభై ఒక్కమంది. మా కిర్గిజ్ రాజధాని బిష్కెక్ చివర కొండ కింద మట్టి ఇటుకల ఇళ్ళు లేచినంత వేగంగా బడి గదులు లేవలేదు మరి. నారిన్, జలాలాబాద్ జిల్లాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు పిల్లల్ని గొర్రెలతో పాటు వదిలేసి వస్తారా?

పొద్దుటిపూట ఈ యాభై ఒక్కమంది. వీళ్ళింకా సంచులు సర్దుకుంటూ ఉండగానే గుమ్మంలో రెండో పూటవాళ్ళు. సాయంత్రానికి షాయిర్‌గుల్ గొంతు బొంగురుపోయేది. ఇంటికి పోయి వేడి పాలలో గొర్రె తోక కొవ్వు కరిగించుకుని తాగితే మర్నాటికి మళ్ళీ పలికేది. ఆగస్టులో గదికి సున్నం వేసేదీ ఆమే, కుక్కల చేత తరిమించుకుంటూ ఇల్లిల్లూ తిరిగి బడి ఈడు పిల్లల పేర్లు రాసుకొచ్చేదీ ఆమే. ఇదంతా జీతంలో భాగమేనని పైవాళ్ళు అంటారు. ఏ భాగమో మాత్రం చెప్పరు.

ఈ బడికి ఒక ఆచారం ఉంది. గదికి పాతికమందికి మించి పిల్లలు ఉండకూడదని నిబంధన. అందుకని తనిఖీకి మనుషులు వస్తున్నారంటే, పాతికమందిని ఉంచి మిగిలినవాళ్ళను కుస్తీ మాస్టారు జోల్దోష్ వెంట కొండ మీదికి పంపేస్తారు. దానికి ప్రకృతి పాఠమని పేరు. వచ్చినవాళ్ళు విశాలమైన గదులు చూస్తారు, హాయిగా కూర్చుంటారు, మాంసం పులావు తిని పోతారు. వాళ్ళకు అసలు సంగతి తెలియదా అంటే తెలియకేం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంటే చూసేవాళ్ళు కూడా కళ్ళు మూసుకోవడం మా దగ్గర మర్యాద.

ఆ మార్చి నెలలో రాబోయే తనిఖీ వేరు. బడికి ఇంకో ఎనిమిది గదులు కట్టాలా వద్దా అన్నది తేల్చడానికే వస్తున్నారు. ఈసారైనా పిల్లల్ని దాచరని షాయిర్‌గుల్ ఆశపడింది. హెడ్మిస్ట్రెస్ కాలిపా మాత్రం ఉపాధ్యాయులందరినీ పిలిచి, ఎప్పటిలాగే కానివ్వమంది. చిరిగిన కోటువాళ్ళూ, చదవడానికి తడుముకునేవాళ్ళూ, పట్నంలో నివాసం రాయించుకోనివాళ్ళ పిల్లలూ కొండకు పోవాలి. అందరూ లేచి వెళ్ళారు. షాయిర్‌గుల్ లేవలేదు. మా దగ్గర పెద్దావిడనైనా టీచర్‌నైనా అక్కా అన్నట్టు ఎజే అంటారు, పెద్దాయననైతే బైకే అంటారు.

"ఎజే, గదులు కావాలో వద్దో చూడ్డానికే కదా వస్తుంది. సగంమందిని దాచేస్తే ఉన్న గదులే ఎక్కువని రాసుకుపోతారు."

"కనపడితే మాత్రం గదులిస్తారనుకున్నావా? ముందు నా మెడ పట్టుకుంటారు. కాగితాల్లేని పిల్లల్ని ఎవర్నడిగి చేర్చావంటారు. వాళ్ళని బయటికి పంపెయ్యమంటే అప్పుడేం చేస్తావ్? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా."

"అడగందే అమ్మైనా పెట్టదు ఎజే."

"అడిగినవాళ్ళ గతేమైందో నేను చూశాను," అంది కాలిపా. తరవాత, వచ్చే నెల షాయిర్‌గుల్‌కు పై శ్రేణి జీతం ఇవ్వాలో లేదో తేలుతుందని, దానికి తన సంతకం కావాలని గుర్తుచేసింది. బెదిరిస్తున్నట్టు అనలేదు. బెదిరింపు మెత్తగా ఉంటేనే కదా లోపలికి దిగేది.

అలాగని కాలిపా చెడ్డ మనిషేం కాదు. పక్క బళ్ళు తలుపులు మూసేసినప్పుడు ఆ కాగితాల్లేని పిల్లల్ని చేర్చుకున్నది ఈమే. చేర్చుకునే ధైర్యం ఉంది, చేర్చుకున్నానని చెప్పే ధైర్యం లేదు. షాయిర్‌గుల్‌కు అందుకే మరీ కోపం వచ్చింది.

తనిఖీ ముందురోజు పొద్దున ఎవరు ఉండాలో ఎవరు పోవాలో చెప్పడానికి గదిలోకి వచ్చింది. నోరు తెరవకముందే మిస్కాల్ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల తండ్రి బజారులో మూటలు మోస్తాడు.

"ఎజే, నేను కొండకేనా? అమ్మ రొట్టె కట్టాలో వద్దో కనుక్కోమంది. పోయినసారి కూడా నేనే వెళ్ళా కదా. మంచివాళ్ళనే కొండకి పంపుతారని అమ్మకి చెప్పా."

షాయిర్‌గుల్‌కు ఒళ్ళు మండిపోయింది. కాలిపా మీద, వచ్చేవాళ్ళ మీద, అందరికంటే ముందు తన మీద. ఈ పిల్లను కొండకు పోయేవాళ్ళలో నిలబెట్టింది ఇంకెవరో కాదు కదా.

"రేపు మన గదిలోంచి ఎవరూ కొండకి పోరు," అంది పిల్లలందరితో. "అందరూ రండి. దగ్గొచ్చినా రండి, జలుబొచ్చినా రండి. ఒక్కరు తగ్గినా నేనూరుకోను."

మర్నాడు ఒక్కరూ తగ్గలేదు. జోల్దోష్ మిగిలిన తరగతుల పిల్లల్ని పోగేసుకుని బురద దారిన కొండెక్కాడు. మూడో తరగతి తలుపు మాత్రం తెరుచుకోలేదు. అతను ఒకసారి తట్టి, లోపల ఎక్కాలు వినబడేసరికి, తనకెందుకొచ్చిన గొడవ అని వెళ్ళిపోయాడు.

తనిఖీకి ముగ్గురు వచ్చారు. వాళ్ళలో పెద్దవాడు సాదిర్, తెల్ల ఉన్ని టోపీ, చేతికర్ర. వెంట ఒక ఆవిడ, ఫోటోలు తీసే ఒక యువకుడు. కాలిపా నవ్వుతూ మూడో తరగతి తలుపు తెరిచింది. తెరిచిన చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది.

పిల్లలంతా లేచి నిలబడ్డారు. అంతవరకు ఏ బళ్ళోనైనా జరిగేదే. కానీ పెద్దవాళ్ళు నిలబడి ఉండగా చిన్నవాడు కూర్చుంటే మా దేశంలో వాడి ఏడు తరాల తాతలనూ కలిపి తిడతారు. గుమ్మానికి దూరంగా, వెనక గోడ దగ్గర ఉండేది గౌరవమైన చోటు, అది పెద్దలదే. పాలు తాగే వయసు నుంచీ నేర్చిన మర్యాద. అందుకే వెనక వరసలో పిల్లలు ఎవరూ చెప్పకుండానే సంచులు తీసుకుని బల్లలు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టారు.

"కూర్చోండి," అంది షాయిర్‌గుల్.

ఎవరూ కూర్చోలేదు. ఆమె అన్నది అర్థం కానట్టు చూశారు.

"కూర్చోండి. ఒక్కరు కూడా లేవద్దు."

ముందు వరస కూర్చుంది, తరవాత మధ్యవి, చివరికి వెనకవాళ్ళు తలలు దించుకుని కూర్చున్నారు. అతిథి మీద చేయి చేసుకున్నా ఇంత అవమానం ఉండేది కాదు. కాలిపా ముఖం పాలిపోయింది. "మిస్కాల్, నువ్వూ మీ బల్ల వాళ్ళూ లేవండమ్మా, పెద్దలు కూర్చుంటారు," అంది. మిస్కాల్ ఆమెను చూసింది, తన టీచర్‌ను చూసింది, కూర్చునే ఉంది.

సాదిర్ కర్ర నేలకు ఆనించాడు. "అమ్మాయీ, నేను పెళ్ళిళ్ళకెళ్ళాను, చావులకెళ్ళాను. ఇంతవరకు నన్ను నిలబెట్టినవాళ్ళు లేరు. ఈ గదిలో పెద్దవాళ్ళకి చోటు లేదా?"

"లేదు బైకే. మీరు కూర్చోవాలంటే వీళ్ళలో ఒకరు లేవాలి. లేచినవాళ్ళకి నిలబడ్డానికి కూడా చోటుండదు, బయటికి పోవాల్సిందే. ఎవర్ని పంపమంటారో మీరే వేలు పెట్టి చూపించండి. ఏటా నేనే చూపిస్తున్నాను. ఇక నా వల్ల కాదు."

సుద్దముక్క వీపు వెనక దాచుకుంది గానీ చూపు తిప్పుకోలేదు.

సాదిర్ వరస వరసా చూశాడు. పిల్లలు కూడా అతన్ని చూశారు, యాభై ఒక్కమందీ. ముసలాయన చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు. వెళ్ళిపోతాడేమో అనుకున్నారు. వెళ్ళలేదు. "కానీ, పాఠం చెప్పు," అన్నాడు. అది దయ కాదు, పంతం. ఎంతసేపు నిలబెడుతుందో చూద్దామని.

షాయిర్‌గుల్ భాగాహారం చెప్పింది. ముగ్గురూ తడి కోట్లు వేలాడదీసిన గోడకు అతుక్కుని నిలబడ్డారు. నోటుపుస్తకాలు వచ్చే దారి సరిగ్గా అదే. మొదటి పుస్తకం చేతిలో పడగానే సాదిర్ తెల్లబోయాడు. "ముందుకివ్వండి తాతా," అని ఒక పిల్లాడు గుసగుసలాడాడు. ఇచ్చాడు. ఇంకోటి వచ్చింది. అదీ ఇచ్చాడు. కాసేపటికి చంకలో కర్ర ఇరికించుకుని రెండు చేతులా అందిస్తున్నాడు. ఫోటోల అబ్బాయికి మోచెయ్యి ఎత్తే చోటే దొరకలేదు.

గంట కొట్టాక వరండాలోకి వచ్చేసరికి సాదిర్ మోకాళ్ళు పట్టేశాయి, ముఖం ఎర్రబడింది. ఇది కాలిపా అనుమతితోనే జరిగిందా అని అడిగాడు. కాలిపా, లేదు లేదు, ఈ ఒక్క గదే ఇలా, మిగిలినవన్నీ నిబంధన ప్రకారమే ఉన్నాయి, పక్క గదిలో కుర్చీలు వేయించాను రండి అంది. షాయిర్‌గుల్ వైపు తిరిగి, పెద్దాయనకు క్షమాపణ చెప్పమంది.

"చెప్తాను ఎజే. గదిలో కుర్చీ పట్టిన రోజున బైకేని పిలిచి, వెనక గోడ దగ్గర కూర్చోబెట్టి, పెద్దలకిచ్చే గొర్రె తల ఆయన ముందు పెట్టి మరీ చెప్తాను. ఇవాళ మాత్రం చెప్పను."

పక్క గది తలుపు తెరుచుకుంది. ఆ గది టీచర్ నూర్జాత్ బయటికొచ్చింది. రెండు గదులకూ మధ్య ఉన్నది చెక్క గోడే, ఇటు అన్న ప్రతి మాటా అటు వినబడింది. నూర్జాత్ ఎవరికీ ఎదురు చెప్పి ఎరగదు. "జోల్దోష్‌కి ఫోన్ చేశాను ఎజే," అని మాత్రం అని కిటికీ పక్కన నిలబడింది.

కొండ మీంచి పిల్లలు దిగుతున్నారు. తెల్ల పూలు పట్టుకుని, మోకాళ్ళ దాకా బురదతో, జోల్దోష్ ఈల వెనక. ముందున్నవాళ్ళు గేటు దాటినా, వెనకవాళ్ళు ఇంకా కొండ మీదే ఉన్నారు. సాదిర్ కిటికీ దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూశాడు.

"ఎవరా పిల్లలు? ఏ బడివాళ్ళు?"

వేరే బడి పేరు చెప్పేయవచ్చు. కాలిపా నోటి దాకా ఏదో వచ్చింది కూడా. షాయిర్‌గుల్ ఆమె వైపే చూస్తోంది. ముందు దిగిన పిల్లలు అప్పటికే వరండా మెట్ల దగ్గర బూట్లు దులుపుకుంటూ, కాలిపాకు వంగి నమస్కారం పెడుతున్నారు.

"మావాళ్ళే బైకే," అంది కాలిపా. "నేనే చేర్చుకున్నాను. కాగితాలున్నా లేకున్నా చేర్చుకున్నాను. వీళ్ళకి ఎన్ని గదులు కావాలో ముందు రాసుకోండి. తరవాత కింద నా పేరు రాసుకోండి."