దొంగ నక్షత్రాలు

మూడు దొంగ నక్షత్రాలు తప్పితే కుర్చీ పోతుంది. మా గదిలో రూలు అదొక్కటే. నావి అప్పటికే రెండు తప్పాయి.

మా పని చెప్పుకోవడానికి పెద్దది, చేయడానికి చిన్నది. ఊరికి దూరంగా పళ్లెంలాంటి పెద్ద ఏంటెనా ఒకటి ఆకాశానికి చెవి ఒగ్గి కూర్చుంటుంది. అది విన్నదంతా కంప్యూటరు బొమ్మలుగా మార్చి మాకు పంపుతుంది. గదిలో నలుగురం, నాలుగు తెరలు. బొమ్మలో సన్నని నిలువు గీత ఉంటే అక్కడ పల్సార్ ఉండొచ్చు. పల్సార్ అంటే చచ్చిపోయాక కూడా గిరగిరా తిరిగే నక్షత్రమట. తోటలో నీళ్లు చిమ్ముతూ తిరిగే గొట్టంలాగా, మనవైపు తిరిగిన ప్రతిసారీ ఒక రేడియో జల్లు కొడుతుందట. ఆ జల్లుల్ని ఒకదాని కింద ఒకటి పేరిస్తే గీత. బొమ్మంతా గజిబిజిగా ఉంటే అది ఏ ఫోనో, ఏ విమానమో. చూసి మూడు మీటల్లో ఒకటి నొక్కాలి. ఉంది, లేదు, అనుమానం. అనుమానం రోజుకి పదిసార్లకు మించి నొక్కకూడదు. నా పదీ పొద్దున పదకొండింటికల్లా అయిపోతాయి.

మేం సరిగ్గా చూస్తున్నామో లేదో తెలుసుకోవడానికి కంప్యూటరులో తయారు చేసిన ఉత్తుత్తి పల్సార్లను మధ్యమధ్యలో కలుపుతారు. ఎన్ని కలిపారో, ఎప్పుడు కలిపారో చెప్పరు. మేం వాటిని దొంగ నక్షత్రాలంటాం. వాటికి ‘ఉంది’ నొక్కకపోతే తప్పు. తప్పినప్పుడు చీటీ వస్తుంది గానీ, ఏ బొమ్మ తప్పామో మాత్రం చూపించరు.

నాకు పోయేది ఉత్త కుర్చీ అయితే ఇంత గుండెదడ ఉండేది కాదు. కింది అంతస్తులో పనివాళ్ల పిల్లలకి ఒక గది ఉంది. పదకొండు నెలల నా కూతురు అక్కడే ఉంటుంది. ఆరో నెలలో జ్వరం ఎక్కువై కళ్లు తేలేసింది. పిల్లల డాక్టరు, అయిదేళ్లొచ్చేసరికి ఈ జ్వరం ఫిట్సు వాటంతటవే తగ్గిపోతాయన్నాడు. ఆ అయిదేళ్లూ నేనెలా బతకాలో చెప్పలేదు. ఇక్కడైతే పద్దెనిమిది మెట్లు దిగితే పాప. రోజుకి ఆరుసార్లు దిగుతాను. ఆయా నన్ను గుమ్మంలో చూడగానే, “బాగానే ఉంది తల్లీ, పైకెళ్లు” అని చెయ్యి ఊపుతుంది.

రెండో చీటీ వచ్చిన రోజు పక్క కుర్చీలోని కళ్లజోడక్క నా మీద విసుక్కుంది.

“నీతో ఇదే తంటా. గీత కనబడిందా, ఉంది నొక్కు. లేదా, లేదు నొక్కు. ఒక్కో బొమ్మతో కాపురం చేస్తావేంటే?”

“గీత ఉన్నా కొన్ని నక్షత్రాలు కావనిపిస్తుందక్కా.”

“అనిపించడానికి నువ్వెవరివి? పదో తరగతి గట్టెక్కని దానివి.” మళ్లీ తనే నవ్వింది. “నేనేదో గట్టెక్కినట్టు!”

ఆ రోజు నుంచీ ఇంకా జాగ్రత్తగా చూశాను. అయినా గురువారం మధ్యాహ్నం సూపర్‌వైజరు సారు తన గదికి పిలిచారు. ఆయన బల్ల మీద మూడో చీటీ ఉంది.

“ఏం చేయమంటావమ్మా? రూలు నాది కాదు.”

“ఏ బొమ్మ సార్? ఒక్కసారి చూపించండి. ఏం తప్పానో తెలియకుండా ఎలా వెళ్లను?”

చూపించకూడదని ఆయన మొహమే చెబుతోంది. కాసేపు గడ్డం గోక్కుని, తెర నావైపు తిప్పారు. చూడగానే గుర్తొచ్చింది. దాన్ని రెండుసార్లు చూసి మరీ ‘లేదు’ నొక్కాను.

“ఇది నక్షత్రం కాదు కదా సార్.”

“కాదు. దొంగది.”

“కాదనే కదా నేను లేదన్నాను?”

“దొంగదానికి ఉంది అనాలమ్మా.”

“నక్షత్రం లేకపోయినా?”

“లేకపోయినా ఉందనే అనాలి. అది ఉందని నువ్వు అనుకోవాలని కదా పెట్టింది!” అంటూనే ఆయన బొమ్మ వైపు మళ్లీ వంగి చూశారు. “ఇంతకీ నీకెలా తెలిసింది?”

“పిల్లలు దొంగేడుపు ఏడిస్తే ఒకే ఊపులో లాగుతారు సార్. నిజం ఏడుపులో మధ్యమధ్య గొంతు పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. ఈ గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. పైనుంచి కిందదాకా ఒకే నలుపు. అసలైనవి ఇలా ఉండవు. ఇదేదో మెషీను చెత్త అనుకున్నాను.”

సారు ఫోన్ తీసి డాక్టరమ్మను పిలిచారు. ఆమె వైద్యం చేసే డాక్టరు కాదు, నక్షత్రాల మీద పరిశోధన చేస్తోంది. అది తెలియక చేరిన కొత్తలో పాప జలుబుకి మందు అడిగాను. పాపం, ఆవిరి పట్టమని చెప్పి వెళ్లింది. దొంగ నక్షత్రాలు తయారు చేసేది ఆమేనని ఆ రోజే తెలిసింది.

నా మాటలు విని ఆమె చిన్నబుచ్చుకుంది. “రెండు నెలలు కూర్చుని చేశాను వాటిని,” అంటూ తెర మీద ఇరవై బొమ్మలు కలిపి పెట్టింది. “ఏవి దొంగవో తీయండి చూద్దాం. ఇప్పుడు నాకూ తెలియదు. కంప్యూటరుకే తెలుసు.”

కింద పాపకి పాలు పట్టే వేళ అవుతోంది. ఏడు తీశాను. ఆమె లెక్క చూసుకుంది. ఏడింట్లో ఆరు దొంగవే. ఏడోది మాత్రం లోకమంతటికీ తెలిసిన అసలైన పల్సారట. నాకైతే అదీ దొంగదిలాగే కనబడింది.

“ఆరు!” అంటూ డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. “చుక్కల మధ్య గాలిలాంటిది ఉంటుంది సార్. దాంట్లోంచి వచ్చేసరికి సిగ్నల్ కాసేపు పెరుగుతుంది, కాసేపు తగ్గుతుంది. కొన్ని పల్సార్లయితే ఉన్నట్టుండి నోరు మూసుకుంటాయి కూడా. నేను అవేమీ పెట్టలేదు.”

“అయితే ఇలాంటివాటన్నిటికీ ఉంది నొక్కిన మిగతా ముగ్గురిదీ తప్పా? ఈవిడది తప్పా?” అన్నారు సారు.

“రూలు ప్రకారం ఈవిడదే.”

“నిజం ప్రకారం?”

నేను ఒకసారి ఆమెనీ ఒకసారి ఆయననీ చూస్తూ, ఇంతకీ నేను కింద పాపని తీసుకుని ఇంటికి వెళ్లిపోవాలా, వెళ్లి తెర ముందు కూర్చోవాలా అన్నది తేలక నిలబడ్డాను. చివరికి సారు చీటీలు మూడూ చింపేశారు.

“నీ కుర్చీ ఎక్కడికీ పోదు. సోమవారం నుంచి నీకొక్కదానికే నాలుగో మీట పెడతాం. ‘దొంగది’ అని. డాక్టరమ్మ కొత్తవి చేస్తుంది, నువ్వు పట్టుకోవాలి.”

“గుర్తుపట్టినందుకు నాకు శిక్షా సార్?”

“శిక్ష ఏంటమ్మా, ప్రమోషను!”

“కానీ ఒక్క మాట,” అంది డాక్టరమ్మ. “మీరు దొంగది అన్న బొమ్మ మళ్లీ ఎవరి కంటికీ రాదు. అసలైనదాన్ని పొరపాటున దొంగది అంటే, అది ఇక పోయినట్టే.”

అప్పుడు ఊపిరి పీల్చుకున్న సంతోషంలో ఆ మాట సరిగ్గా చెవికెక్కలేదు. సోమవారం ఎక్కింది. నలభయ్యో బొమ్మో ఎన్నోదో, గీత పైన ముదురుగా మొదలైంది, సగంలో పాలిపోయింది, కాసేపు లేనే లేదు, అడుగున మళ్లీ వచ్చింది. పోయిన వారమైతే కళ్లు మూసుకుని ‘ఉంది’ నొక్కేదాన్ని. ఇప్పుడు అలా పాలిపోవడమెలాగో డాక్టరమ్మకి నేర్పింది నేనే. ఎంతసేపు చూస్తే అంత అయోమయం. ఇది నక్షత్రమంటే నక్షత్రం, దొంగదంటే దొంగది.

“ఏమైందే, అలా బిగుసుకుపోయావు?” అంది కళ్లజోడక్క.

“ఇది ఆకాశంలోంచి వచ్చిందో, వరండా చివర డాక్టరమ్మ గదిలోంచి వచ్చిందో తెలియట్లేదక్కా.”

“నాకు మాత్రం ఎప్పుడు తెలిసింది గనక!”

అనుమానాలు పదీ అప్పటికే అయిపోయాయి. కొత్త మీట మీద వేలు పెట్టి, తీసేశాను. దొంగదైతే డాక్టరమ్మ నవ్వుకుంటుంది, అంతే. కాకపోతే, అంత దూరం నుంచి వచ్చినదాన్ని గుమ్మంలోంచే పొమ్మన్నట్టవుతుంది. ‘ఉంది’ నొక్కాను. వెంటనే తప్పు చేశాననిపించింది. ఈలోపు తెర మీదికి ఇంకో గీత వచ్చి నిలబడింది.