అక్క చేతులు ఆగిన చోట

ఒక్క కాగితం ముక్కతో ఇరవై అడుగుల ప్రకటన బోర్డును నాలుగు బారల దూరం తరిమికొట్టిన మొనగాడు మా వీధి గడియారాల మేస్త్రీ.

ఆయన కిటికీ ముందు ఆ బోర్డు పెడతామని పురపాలక కార్యాలయం వాళ్లు నోటీసు అంటించిపోయారు. కిటికీ వెలుతురు పోతే మేస్త్రీ పని పోయినట్టే. చిమటా అనే బుల్లి పట్టకారుతో ఆవగింజంత స్క్రూలు బిగించే ఆ మనిషి, కలం పట్టాడంటే మాత్రం ఏనుగులను తోలుకొస్తాడు. సూర్యుడి పుట్టుకతో ఎత్తుకుని, అధికారి దయాగుణం మీదుగా పదకొండు పేజీల అర్జీ రాశాడు. గుమాస్తా రెండో పేజీలోనే ఆవలించి, ఇంతకీ మీకేం కావాలో రాసుకురండి, శుక్రవారం బోర్డు పెట్టేస్తున్నాం అని తిప్పి పంపాడు.

మేస్త్రీ బిక్కమొహం వేసుకుని వాళ్లక్క దగ్గర కూలబడ్డాడు. ఆవిడ వేరుశనగకాయలు ఒలుస్తూ, చదవమంది. ఆయన గొంతు సవరించుకుని చదువుతుంటే కాయలు టపటపా పగులుతూనే ఉన్నాయి. సూర్యుడికీ ఆగలేదు, దయాగుణానికీ ఆగలేదు. ఏడో పేజీలో ఒకచోట చేతులు ఆగాయి.

"అది మళ్లీ చదువు."

"'వెలుతురు తగ్గితే చిమటాలో పట్టిన స్క్రూ ఎటు జారిందో నాకు కనబడదు.'"

"ఇదొక్కటే నువ్వు రాశావురా తమ్ముడూ. మిగతాదంతా ఎవరికో సన్మానపత్రం చదివినట్టుంది."

లైటు వేసుకోవచ్చుగా అని వాళ్లడిగితే ఏం చెప్తావందావిడ. బల్బు కింద ఇత్తడి మెరుపుకి కళ్లు చెదిరి స్క్రూ ఆనదన్నాడు మేస్త్రీ.

"మరి అది రాయవేం? కుర్చీలో కూర్చున్నాయనకి ఎలా తెలుస్తుంది? ఊరికే వద్దనకు, ఎక్కడ పెట్టుకోవాలో కూడా చెప్పు."

సూర్యుణ్ణి కొట్టేయడానికి మేస్త్రీకి ప్రాణం ఒప్పలేదు. గుండె రాయి చేసుకుని కొట్టేశాడు. చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి: జారిపోయే స్క్రూ, మెరిసే ఇత్తడి, పక్కనే ఖాళీగా ఉన్న గిడ్డంగి గోడ, బోర్డు అక్కడ పెట్టించమన్న మనవి.

గురువారం గుమాస్తా దాన్ని నిలబడే చదివి, నేరుగా లోపలికి పట్టుకెళ్లాడు. సాయంత్రానికి అధికారే దిగాడు. కిటికీకి అట్ట అడ్డం పెట్టించి, మేస్త్రీ బల్ల దగ్గర కూర్చుని, చిమటాతో స్క్రూ ఎత్తబోయాడు. అది కాస్తా జారిపోయింది. ఆయన నేల మీద పాకి వెతికాడు, దొరకలేదు. శుక్రవారం బోర్డు గిడ్డంగి గోడకెక్కింది.

తరిమికొట్టాడన్నాను గానీ, బోర్డు అప్పటికింకా బండి దిగనే లేదు. ఇద్దరు కూలీలు చెప్పిన చోట బిగించి పోయారు. అర్జీలో సగం తెలివి అక్కదే. ఇక అధికారి పాకడమంటారా, అది నా కల్పన. ఆయన గుమ్మంలోనే నిలబడి, అట్ట పెట్టించి చూసి, సరేనని వెళ్లిపోయాడు.