మంగళవారం మోగిన సైరన్

మోగని సైరన్ మోగిందని చెప్పాల్సిన అవసరం ఎవరికుంటుంది? ఒక ఊరంటే పొరపాటు. రెండు ఊళ్ళంటే బద్ధకం. తీరం పొడుగునా ఉన్న ఊళ్ళన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెప్పాయంటే వెనక ఎవరో ఉండాలి. పైగా వేమలమొగ పంచాయతీ గుమాస్తా, ఆ లోవరాజు! "మోగిందండి" అని ఊరుకోలేదు. "బాగా మోగిందండి, గేదెలు పలుపుతాళ్ళు తెంపుకున్నాయండి" అన్నాడు. ఆ గేదెలే విజయ్ పాల్‌ని నిద్రపోనివ్వలేదు. అబద్ధం చెప్పేవాడు అబద్ధం దగ్గర ఆగుతాడు. దానికి గేదెల్ని కూడా కట్టేవాడు వేరే రకం మనిషి.

రాజోలు బస్సు రావులపాలెం దాటింది. పక్క సీటాయన పేపరు విప్పాడు. బంగాళాఖాతంలో వాయుగుండం. ఎటు కదులుతుందో ఇంకా తెలియదట. ఆ వార్త ఉన్న పేజీయే తన కళ్ళ ముందు పెట్టాడేమిటని విజయ్ పాల్ ఆయనవైపు అనుమానంగా చూసి, తర్వాత తనకే సిగ్గేసి కిటికీలోంచి అరటి తోటలు చూస్తూ కూర్చున్నాడు.

అతను పనిచేసేది అంతరిక్ష శాఖలో. అలా చెబితే జనం రాకెట్ల గురించి అడుగుతారని బయట చెప్పడం మానేశాడు. రాజమండ్రి దానవాయిపేటలో ఒక మేడ మీద రెండు అద్దె గదులు, డాబా మీద ఒక డిష్. వీధిలో వాళ్ళకి అది రాకెట్ ఆఫీసు. దాని పనల్లా సముద్రం ఒడ్డు ఊళ్ళలో పెట్టిన తుఫాను హెచ్చరిక పెట్టెల్ని కనిపెట్టుకుని ఉండడం. కరెంటు పోయినా, ఫోను తీగలు తెగినా, ఉపగ్రహం నుంచి సంకేతం అందగానే ఆ పెట్టెలో సైరన్ మోగుతుంది. ప్రతి మంగళవారం పొద్దున్న హెడ్డాఫీసు వాళ్ళు పరీక్ష కోసం ఒకసారి మోగిస్తారు. విజయ్ పాల్ ఒక్కో ఊరికీ ఫోన్ చేసి కనుక్కుంటాడు. ఇన్‌చార్జి శివరామకృష్ణ ఆ సంగతి ఫ్యాక్స్‌లో పైకి పంపుతాడు. మొన్న మంగళవారం కూడా అన్నీ మోగాయి.

గురువారం హెడ్డాఫీసు ఫోను వస్తే స్పీకర్లో పెట్టారు. వారం వారం శాఖలో ఏం జరిగిందో అన్ని యూనిట్లకీ ఒకేసారి చదివి వినిపిస్తారు. ఎవరికి బదిలీ, ఏ యాంటెన్నాకి మరమ్మతు, ఏ ఖర్చు తగ్గించాలి. ఆ చదివే గొంతులో ఎప్పుడూ ఎత్తూ పల్లమూ ఉండవు. అదే గొంతుతో, చిన్న యూనిట్లు కొన్నింటిని మూసే ఆలోచన ఉందన్నారు. అదే గొంతుతో, మంగళవారం సంకేతం పంపే యంత్రం మరమ్మతులో ఉన్నందువల్ల పరీక్ష జరగలేదన్నారు. ఆ వెంటనే, "రాజమండ్రీ, అన్నీ సవ్యమే కదా?" అన్నారు.

"అన్నీ సవ్యమే సార్" అన్నాడు శివరామకృష్ణ.

ఫోను పెట్టేశాక విజయ్ పాల్ ఆగలేకపోయాడు. "సార్, మంగళవారం అసలు సిగ్నలే పంపలేదంట."

"ఎవరన్నారండీ?"

"ఇప్పుడే చదివారు కదా సార్."

"లైను గరగరలాడింది. నాకేం వినపడలేదు."

"మరి మన ఊళ్ళన్నీ మోగిందన్నాయి సార్."

"మోగితే సంతోషించాలి గానీ ఏడుస్తారేంటండీ? పాయసం పెట్టినా మీరు వెంట్రుక కోసమే వెతుకుతారు విజయ్ పాల్ గారూ!" శివరామకృష్ణ నవ్వి, కళ్ళజోడు తుడుచుకుంటూ డాబా మీదకి వెళ్ళిపోయాడు.

లైను గరగరలాడలేదు. విజయ్ పాల్ చెవులకి అది చాలా శుభ్రంగా వినిపించింది. అంటే సార్ విన్నాడు. విని దాచాడు. యూనిట్ మూతపడకుండా ఉండాలని ఊళ్ళన్నింటికీ ముందే చెప్పి ఉంచాడా? లేకపోతే, మోగనివాటిని మోగాయని విజయ్ పాల్ కూర్చున్న చోటే రాస్తున్నాడని నిరూపించి అతన్ని సాగనంపే ఎత్తా? ఒక అనుమానం తీరకముందే ఇంకోటి తలెత్తింది. అన్నింటి కిందా మాత్రం ఒకే భయం. ఆ వాయుగుండం ఇటు తిరిగితే? ఆ రోజు కూడా ఊళ్ళు మోగిందనే చెబుతాయా?

ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు. ముందు ఆ గేదెల సంగతి తేలాలి.

వేమలమొగకి బస్సు ఉండదు. రాజోలులో సర్వీసు ఆటో ఎక్కి, ఏటిగట్టు మీద దిగి పంచాయతీ ఆఫీసుకి నడిచాడు. గుమాస్తా లోవరాజు ఇన్నాళ్ళూ అతనికి ఫోన్లో గొంతు మాత్రమే. మనిషిని చూస్తే బక్కపలచగా, నుదుట విభూతితో, అబద్ధమాడే మొహంలా లేదు. అదే మరీ అనుమానంగా ఉంది.

"రాకెట్ ఆఫీసు విజయ్ పాల్ గారాండీ! మీరే వచ్చారాండీ!" అంటూ కుర్చీ దులిపి, బొండం కొట్టించి, టేబుల్ ఫ్యాను అతనివైపు తిప్పాడు.

హెచ్చరిక పెట్టె బీరువా మీద ఉంది. దానికి కుట్టుపని చేసిన గుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ పూలకుండీ పెట్టారు. ఎర్రదీపం వెలగడం లేదు. విజయ్ పాల్ దాని వైరు పట్టుకుని గోడ వెంట చూపుతో నడిచాడు. వైరు చివర ప్లగ్గు గాల్లో వేలాడుతోంది. గోడకున్న ఒకే ఒక్క సాకెట్లో ఫ్యాను ఉంది. తనకి చల్లగా తగులుతున్న గాలి ఆ పెట్టె ప్రాణమని అతనికి అప్పుడు అర్థమైంది.

"ఎప్పుడు పీకారు?"

"ఎండాకాలంలోనండి. ఎవరైనా పెద్దవాళ్ళొస్తే గాలి లేకపోతే బాగోదు కదండీ."

"ప్లగ్గు తీసేస్తే ఇది బ్యాటరీ మీద కొన్నాళ్ళే పనిచేస్తుంది. మరి మంగళవారం మోగిందన్నారు!"

లోవరాజు తల దించుకోలేదు. జాలిగా చూశాడు. "మీరు ఫోన్ చేసి, మోగింది కదా లోవరాజు గారూ, బాగా మోగింది కదా అంటారండి. ఎంత ఆశగా అడుగుతారండీ! లేదంటే మీ మనసు కష్టపెట్టినట్టు కాదేంటండీ? మీ పైవాళ్ళు మిమ్మల్ని తిడతారేమోనని కూడానండి."

"గేదెలో?"

"గేదెలు నిజవేనండి బాబూ! మొదటిసారి మోగినప్పుడు తెంపుకు పారిపోయాయండి. జనం కూడా పరిగెత్తారండి. మా పొరుగింటి పెద్దింట్లమ్మగారు గట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నారండి. తీరా చూస్తే గాలీ లేదు, వానా లేదు. మళ్ళీ మంగళారం అదే గోల. మూడోసారికి ఎవ్వరూ గుమ్మం దాటలేదండి."

విజయ్ పాల్ చివరి ఆశగా అడిగాడు. "మోగిందని చెప్పమని మీకు ఎవరైనా ఫోన్ చేశారా? శివరామకృష్ణ గారు?"

"ఆయనెవరండీ?" అన్నాడు లోవరాజు.

విజయ్ పాల్ లేచి ఫ్యాను పీకి, పెట్టె ప్లగ్గు పెట్టాడు. ఎర్రదీపం వెలిగింది. పూలకుండీ తీసి లోవరాజు చేతికిచ్చాడు. "ఇది మళ్ళీ పీకొద్దు. ఎవరొచ్చినా సరే, చెమటలు పట్టనివ్వండి."

"అలాగేనండి" అన్నాడు లోవరాజు.

ఆ అలాగేనండి ఎంత తియ్యగా ఉందంటే, ఆటో దాకా నడిచే లోపల విజయ్ పాల్ నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

తిరుగు బస్సులో దోషి కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. అది అతనికి తేలిగ్గా అనిపించాల్సింది పోయి, కాలికింద మెట్టు లేనట్టనిపించింది. ఎవరూ పన్నని కుట్ర ఇంత చక్కగా ఎలా నడుస్తుంది? మంగళవారం మధ్యాహ్నాలు గుర్తుకొచ్చాయి. పెన్ను మూత తీసి పట్టుకుని, "అన్నీ మోగాయి కదా విజయ్ పాల్ గారూ?" అంటాడు సార్. "మోగాయి సార్" అంటాడు తను. సార్‌ని పైవాళ్ళు అలాగే అడుగుతారు. పైవాళ్ళని ఇంకా పైనున్నవాళ్ళు కూడా అలాగే అడుగుతారేమో. లోకంలో అందరినీ అనుమానించాడు గానీ, ఫోన్లో తన గొంతు ఎలా ఉంటుందో అతనెప్పుడూ వినలేదు. అవునన్న మాట వినగానే కడుపులో చల్లగా దిగే ఆ హాయి మాత్రం బాగా గుర్తుంది. లోవరాజు ఇచ్చింది దాన్నే. బొండం ఇచ్చినట్టే.

మంగళవారానికి వాయుగుండం తుఫానుగా మారి కాకినాడవైపు చూస్తోంది. ఈసారి విజయ్ పాల్ ముందుగా హెడ్డాఫీసుకి ఫోన్ చేసి, సంకేతం పంపారని రూఢి చేసుకున్నాడు. శివరామకృష్ణ ఫ్యాక్స్ కాగితం పట్టుకుని అతని కుర్చీ పక్కనే నిలబడ్డాడు.

"త్వరగా కానివ్వండి. పైనుంచి ఇప్పటికే రెండుసార్లు అడిగారు."

మొదటి ఊరు వేమలమొగకి అవతల లంక. అక్కడ పెట్టెని చూసుకునేది బడి పంతులు యెహెజ్కేలు. ఫోను ఎత్తారు. మోగింది కదా మేష్టారూ అన్న మాట అలవాటుగా నాలుక చివరికొచ్చింది. విజయ్ పాల్ దాన్ని మింగేశాడు.

"పొద్దున్నుంచి మీ దగ్గర ఏం వినపడిందండీ, మేష్టారూ?"

అటువైపు ఎక్కడో కోడి కూసింది. పిల్లలు ఎక్కం అప్పజెబుతున్నారు.

"అదేం అడగడవండీ?" అన్నాడు శివరామకృష్ణ పక్కనుంచి. "మోగింది కదా అనండి, అయిపోతుంది."

ఫోన్లో మేష్టారు గొంతు సవరించుకున్నారు. "ఏంటండీ, ఇవాళ కొత్తగా అడుగుతున్నారు?"

విజయ్ పాల్‌కి ఆ నిశ్శబ్దాన్ని ఏదో ఒక మాటతో నింపెయ్యాలని ఒళ్ళంతా లాగింది. నింపలేదు.

"నిజం చెప్పమంటారాండీ?" అన్నారు మేష్టారు.

లైను చాలా శుభ్రంగా ఉంది. విజయ్ పాల్ కుర్చీలోంచి లేచి, రిసీవర్‌ని శివరామకృష్ణ చెవికి ఆనించాడు.