జానెడు జరిగే గోడ

రోజూ పొద్దున తొమ్మిదింటికి స్కాలరమ్మ తన గదిలోకి వెళ్లి లాప్‌టాప్ తెరుస్తుంది. నోట్సు ఏ యాప్‌లో పెట్టుకోవాలా అని ఆలోచిస్తుంది. భోజనానికి లేచి, తిని, మళ్లీ వెళ్లి అదే ఆలోచిస్తుంది. స్కాలరమ్మ అన్న పేరు ఇంట్లోవాళ్లు పెట్టింది, సగం ముద్దుకి, సగం ఎత్తిపొడుపుకి. బస్టాపుల్లో జనం ఏం మాట్లాడుకుంటారన్నది ఆమె పరిశోధన. మూడేళ్లు నిలబడి నాలుగొందల మంది మాటలు పోగేసింది. ఇక రాయడమే తరువాయి.

ఆ గది వడ్రంగి నాన్న కట్టింది. హాల్లో ఓ మూల చెక్కపలకలతో అడ్డుగోడ పెట్టి, తలుపు బిగించాడు. గోడ పైకప్పు దాకా ఉండదు. నోట్సు ఒక యాప్‌లోంచి ఇంకోదాన్లోకి మార్చినప్పుడల్లా ఆ గోడ జానెడు లోపలికి జరుగుతుంది.

మొదటిదాంట్లో ట్యాగులు లేవని మార్చింది. రెండోదాంట్లో లింకులు లేవు. మూడోది నెట్ పోతే తెరుచుకోదు. నాలుగోది అన్ని విధాలా బాగుంది, అందుకే భయమేసింది. రేపు ఆ కంపెనీ మూతపడితే?

గోడ జరిగిన ప్రతిసారీ నాన్న ఒక పుల్ల తెచ్చి, గది వెడల్పు దానిమీదే గీత పెట్టుకుని, గదిలో మంచాన్ని ఆ గీత మేరకి కోసేసేవాడు. టేపూ కాగితం ఎందుకు వాడవని అడిగితే, కాగితం మీంచి చెక్కమీదకి ఎక్కించేటప్పుడే తేడా వస్తుందమ్మా అన్నాడు. ఇవతల హాలు పెరిగింది. అమ్మ కుట్టుమిషను తెచ్చుకుంది, నాయనమ్మ పడక్కుర్చీ వేసుకుంది.

"ఇంకో రెండు మార్చవే, నా బీరువా కూడా పడుతుంది," అంది నాయనమ్మ.

ఆదివారం గైడు మేడమ్ ఫోన్ చేసింది. గడువు మూడుసార్లు పొడిగించిందట, ఇక తన చేతిలో లేదట. శుక్రవారం సాయంత్రానికి ఒక్క అధ్యాయమైనా టేబుల్ మీద ఉండాలి, లేదంటే రిజిస్ట్రేషన్ రద్దు. దేనిమీద రాసినా ఫర్లేదంది.

స్కాలరమ్మ లాప్‌టాప్ తెరిచింది. ఇంత గజిబిజి నోట్సుతో ఎలా రాస్తాను, ముందు సర్దుకోవాలి అనుకుంది. సోమవారం పదకొండో యాప్‌లోకి మార్చింది.

గోడ వచ్చి మంచానికి ఆనింది. లోపలికి తెరుచుకునే తలుపు ఇక తెరుచుకోలేదు. లాప్‌టాప్ మూత సగం లేచి గోడకి కొట్టుకుంది. అమ్మ స్టూలెక్కి గోడమీంచి కంచం అందించింది.

"పలకలు ఊడదియ్యనా?" అడిగాడు నాన్న.

"వద్దు నాన్నా. నోట్సు ఇంకా ఎక్కుతోంది."

"ఏడాదిగా ఎక్కుతూనే ఉంది తల్లీ. దిగేదెప్పుడు?"

 గోడమీంచి నాన్న చెవిమీది పెన్సిల్ వచ్చి ఆమె ఒళ్లో పడింది.

ముక్కుకి జానెడు దూరంలో పలక తప్ప చూడ్డానికేం లేదు. ఏ ట్యాగూ వెతక్కుండానే ఒక ముసలాయన మాట గుర్తొచ్చింది. "బస్సెక్కడానికి రాలేదమ్మా, ఇంట్లో కూర్చోలేక వచ్చా." పలకమీద రాసింది. దానికింద, ఎందుకు కూర్చోలేకపోయాడో రాసింది. పక్కన ఇంకొకరి మాట. మూడు రోజులు గోడ కదల్లేదు. బీరువా దారిలోనే ఆగిపోయిందని నాయనమ్మ సణిగింది.

శుక్రవారం నాన్న ఎనిమిది పలకలూ ఊడదీసి, వెనక వరస గుర్తులు పెట్టి, వ్యానులో కాలేజీకి తీసుకెళ్లాడు. మేడమ్ కళ్లజోడు సర్దుకుని టేబుల్‌కి ఆనించినవి వరసగా చదివింది. మూడో పలక అడుగుకొచ్చేసరికి కింద కూర్చుంది. ఎనిమిదోదాని చివర సంతకం పెట్టి, రెండో అధ్యాయానికి చెక్క ఉందా అని నాన్ననే అడిగింది.

ఇంటికొచ్చేసరికి గది లేదు. కోసికోసి మిగిలిన మంచం ఒక్కటే హాల్లో, కుట్టుమిషను పక్కన ఉంది. స్కాలరమ్మ దానిమీద కూర్చుంది. ఫోన్‌లో పన్నెండో యాప్ ప్రకటన వచ్చింది. చాలాసేపు చూసింది.

"గోడ మళ్లీ కట్టనా?" అడిగాడు నాన్న, పుల్ల చేతిలో పట్టుకుని.

"కట్టు నాన్నా. తలుపు మాత్రం బయటికి తెరుచుకునేలా పెట్టు."