ఇరవై ఎనిమిది గ్రాములు

తెయోంగ్ ఇత్తడి పలకను వైస్‌లోంచి తీసి, చొక్కా అంచుతో తుడిచి కాటా మీద పెట్టాడు. అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. పొద్దుటి నుంచి తొమ్మిది గ్రాములు పోయాయి. ఇంకా పంతొమ్మిది పోవాలి. కళ్లజోడు ముక్కు మీదికి నెట్టుకుని పలకను మళ్లీ బోర్లా బిగించాడు. ఎక్కువ బిగిస్తే పలుచబడ్డ ఇత్తడి వంగిపోతుంది, వదులుగా ఉంటే గీకుడు ఉలి జారుతుంది. ఆ రెండింటి నడుమ ఎక్కడ ఆగాలో అతని మణికట్టుకు తెలుసు. అడిగితే నోటితో చెప్పలేడు.

అరవై ఏడేళ్ల మనిషి. సన్నని మెడ, నూనె ఇంకి నల్లబడ్డ గోళ్లు, ఆకురాయి పట్టీ పట్టీ ఓ పక్కకి ఒరిగిపోయిన కుడి బొటనవేలు. దనావ్ ఊళ్లో, లైసెన్సు ఉన్న తుపాకుల కార్ఖానాలో, కిటికీ పక్కన మూడో బల్ల అతనిది. గొట్టాలు తొలిచేవాళ్లు వేరు, కొత్త నమూనాలు గీసేవాళ్లు వేరు. ఒక భాగానికీ ఇంకో భాగానికీ పొత్తు కుదర్చడం అతని పని. కుదిరాక ఆ పని ఎవరి కంటికీ కనబడదు.

ఇప్పుడు బల్ల మీద ఉన్న పిస్తోలు జోవెలిన్‌ది. ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు కోయించే సూపర్‌వైజరు ఆమె. ఊళ్లో పిన్నవాళ్లకు అతను నోంగ్, అంటే పెద్దన్న; అతని భార్య నాంగ్, పెద్దక్క. మూడేళ్ల కిందట వచ్చి, "నోంగ్ తెయోంగ్, పేలినప్పుడల్లా ఇది పైకెగిరిపోతోంది. నా చెయ్యేమో చిన్నది" అంటే, ఆమె అరచేతి అచ్చును మైనం ముద్ద మీద తీసుకుని, ఇత్తడితో బరువైన పిడి పలకలు చేసిచ్చాడు. పిస్తోలు కుదురుకుంది. ఊళ్లో గురి పందేలన్నీ జోవెలిన్ గెలిచింది. పోయినేడాది పెద్ద పోటీలకు వెళితే, అక్కడ తూకం బల్ల దగ్గర ఖాళీ మ్యాగజైన్ పెట్టి తూచి, ఆమె చేరిన విభాగానికి ఉండాల్సిన దానికంటే ఇరవై ఎనిమిది గ్రాములు ఎక్కువన్నారు. ఖరీదైన తుపాకులవాళ్లు ఆడే విభాగంలోకి నెట్టారు. జాబితాలో అట్టడుగున మిగిలింది. ఐస్ ఫ్యాక్టరీలో ఏడాది పొడుగునా ఆమెను "ఏం బరువూ" అని పిలిచారు. జోవెలిన్ తెయోంగ్‌ను పల్లెత్తు మాట అనలేదు. పిస్తోలును పెట్టెలో పెట్టేసింది. ఆ బరువు తాను పెట్టిందేనని అతను ఏడాదంతా లోలోపల కుమిలాడు.

మొన్న సోమవారం ఊరి జట్టువాళ్లు ఈ ఏటి పోటీలకు మళ్లీ రమ్మన్నారట, పెట్టె పట్టుకొచ్చింది. తూకం రేపు, శనివారం పొద్దున.

కార్ఖానా యజమానురాలు పూరింగ్ బల్లల మధ్య నడుస్తూ వచ్చి ఆగింది.

"ఇంకా ఇదేనా? ప్లాస్టిక్ పలకలు వేసెయ్యి నోంగ్. అయిదు నిమిషాల పని."

"వేస్తే చేతికి తెలిసిపోతుందమ్మా."

"చేతికి తెలిస్తే ఏమవుతుంది?"

"ఆ పిల్ల పోయినేడాదే బెదిరింది. రేపు పట్టుకోగానే కొత్తగా అనిపిస్తే మళ్లీ బెదురుతుంది. పైన ముట్టుకోను, లోపలివైపు తొలుస్తాను."

"నీ మొండితనం తూచే కాటా ఇంకా రాలేదు" అని పూరింగ్ నవ్వి వెళ్లిపోయింది.

అతను వంగి గీకడం మొదలుపెట్టాడు. అడుగువైపే తీస్తే పిస్తోలు ముక్కు దించుతుంది, పైవైపే తీస్తే ఎత్తుతుంది. అందుకని ఇక్కడ కాస్త, అక్కడ కాస్త. చప్పుడు చేయకుండా పని చేయడం అతనికి చిన్నప్పుడే అలవాటైంది. అప్పట్లో లైసెన్సులు లేవు. కొండ మీద మొక్కజొన్న చేలో తండ్రి కొలిమి ఉండేది. ఇనుముకు గుడ్డ చుట్టి, ఆకురాయితో అరగదీయించేవాడు. కుక్కలు మొరిగితే పనిముట్లన్నీ గోతిలో పూడ్చి, పైన చిలగడదుంప తీగలు కప్పేవాళ్లు. అయినా తండ్రిని పోలీసులు పట్టుకుపోయారు. నాలుగేళ్ల తర్వాత తిరిగొచ్చిన మనిషి కొలిమి వైపు చూడలేదు. కార్ఖానాలో చేరిన రోజున మెళ్లో ఫోటో ఉన్న కార్డు వేస్తే, తెయోంగ్ దాన్ని వారం రోజులు ఇంట్లో కూడా తీయలేదు.

పన్నెండు కొట్టగానే బినింగ్ వచ్చింది. అతని భార్య. గేటు బయట కొబ్బరాకు పొట్లాల్లో ఉడికించిన అన్నం అమ్ముతుంది. రెండు పొట్లాలు కోసి పెట్టి, మునగాకు వేసిన చేపల పులుసు గిన్నెలో పోసింది. ముల్లు తీసిన చేప ముక్కను అతని వైపు జరిపింది.

"ఏంటి, మొహం అలా వాడింది?"

"పొద్దున తిన్న ఎండుచేప. గుండెల్లో మంటగా ఉంది."

"ఎండుచేపనంటావేం? రాత్రి కూడా నిద్రపోలేదు నువ్వు. ఇత్తడి, ఇత్తడి అని కలవరించావు. ఇంకెవతె పేరైనా బాగుండేది, కనీసం కొట్లాడేదాన్ని."

అతను నవ్వాడు. పులుసు సగమే తాగి, మిగిలింది ఆమె గిన్నెలో పోశాడు. ఎడమ చెయ్యి మొద్దుబారినట్టుంటే, వైస్ పిడి తిప్పీ తిప్పీ అనుకున్నాడు.

నాలుగింటికి జోవెలిన్ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. అప్పటికి పలకలు తిరిగి బిగించి ఉన్నాయి. పిస్తోలు ఖాళీగా ఉందని ఇద్దరూ వంగి చూసుకున్నారు.

"కళ్లు మూసుకో ఇందాయ్." ఊళ్లో ఆడపిల్లలందరినీ అతను అలాగే పిలుస్తాడు. "ఇప్పుడు పట్టుకో. ఎక్కడ తగ్గిందో చెప్పు."

జోవెలిన్ పిస్తోలును గోడవైపు ఎత్తింది. దించింది. మళ్లీ ఎత్తింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏం తగ్గలేదు నోంగ్. నాదిలాగే ఉంది." కళ్లు తెరిచేసరికి గొంతు మారింది. "తగ్గలేదా? రేపే తూకం నోంగ్!"

తెయోంగ్ పిస్తోలు తీసుకుని, ఖాళీ మ్యాగజైన్ తోసి, కాటా మీద పెట్టాడు. ఉండాల్సిన దానికంటే రెండు గ్రాములు తక్కువ. జోవెలిన్ అంకెలవైపు వంగి, చేత్తో నోరు మూసుకుంది. తరువాత అతని నల్లటి చేతిని పట్టుకుని నుదుటికి ఆనించుకుంది.

"పోయినేడాది..." అన్నాడు తెయోంగ్.

"పోయినేడాది సంగతి వదిలెయ్యండి. ఆదివారం వచ్చి చూడండి. మీరు ఒక్క పోటీ కూడా చూడలేదట కదా."

గుమ్మం దగ్గరి నుంచి బినింగ్ అందుకుంది. "పోటీయా! ఈయన జన్మలో ఒక్క తుపాకీ కాల్చలేదమ్మాయ్. కొత్త సంవత్సరానికి పిల్లలు టపాకాయ కాలిస్తే మంచం కింద దూరతాడు."

"చెవుల్లో దూది పెట్టుకుని వస్తాను" అన్నాడు తెయోంగ్. ఆ మాటకు బినింగ్ ఆశ్చర్యపోయి చూసింది. నలభై ఏళ్లలో అతను ఎక్కడికీ తనంతట తాను వస్తాననలేదు.

అయిదింటికి బల్ల తుడిచి, ఆకురాళ్లు వరసగా పెట్టి బయటికొచ్చాడు. రోజూ వాళ్లను ఇంటికి చేర్చే రుఫో బండి సిద్ధంగా ఉంది. మోటారు సైకిలుకు పక్కన తగిలించిన చిన్న గూడులో ఇద్దరూ ఒదిగి కూర్చున్నారు. ఉత్తరం వైపు రోడ్డు, కుడిచేతి వైపు సముద్రం. ఎండ వాలింది. ఆదివారం ఏ చొక్కా వేసుకోవాలని అడిగాడు. నీలంది ఇస్త్రీ చేస్తానంది బినింగ్. చేపల రేవు దాటాక అతను ఆమె భుజం మీద తల వాల్చాడు.

సిమెంటు వంతెన దగ్గర బండి కుదుపుకి అతని చెయ్యి ఒడిలోంచి జారింది. ఆమె తిరిగి ఒడిలో పెట్టింది. మళ్లీ జారింది. బినింగ్ అరచెయ్యి అతని ఛాతీ మీద ఆనించి చాలాసేపు అలాగే ఉంచింది. రుఫో అద్దంలోంచి చూసి ఏదో అడిగాడు.

"కాస్త నెమ్మదిగా పోనివ్వు బాబూ" అంది. "నిద్రపోతున్నాడు."

చెబితే బండి ఆగుతుందని, జనం మూగుతారని, ఎవరెవరో అతన్ని తన దగ్గరి నుంచి తీసుకుంటారని ఆమెకు తెలుసు. ఇల్లు ఇంకో పదిహేను నిమిషాలుంది. ఆ పదిహేను నిమిషాలూ అతని తల తన భుజం మీద కదలకుండా పట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున తెయోంగ్ ఇంట్లో, శవపేటిక పక్కన కూర్చున్న పూరింగ్ ఫోను మోగింది. జోవెలిన్ పంపిన సందేశం. తూకంలో నెగ్గాను, నోంగ్‌కు చెప్పండి అని ఉంది. పూరింగ్ దాన్ని పేటిక మీదికి వంగి గట్టిగా చదివింది. ఆ పిల్లకు మాత్రం విషయం పోటీ అయ్యేదాకా చెప్పొద్దంది బినింగ్.

ఆదివారం సాయంత్రం జోవెలిన్ పోటీ బట్టలతోనే వచ్చింది. అయిదో స్థానం వచ్చింది. ఆ మాట చెప్పలేక బినింగ్ ఒడిలో తల పెట్టి ఏడ్చింది. ఆమె వీపు నిమురుతూ బినింగ్ అడిగింది:

"చప్పుడు బాగా ఉంటుందా అక్కడ?"

"చాలా ఉంటుంది నాంగ్."

"అయితే రాకపోవడమే నయం. బెదిరిపోయేవాడు."

చీకటి పడుతుండగా రుఫో గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాలేక నిలబడ్డాడు. ఆ రోజు తెయోంగ్‌ను మోసి దించుతున్నప్పుడు రబ్బరు చెప్పు ఒకటి బండిలో పడిపోయిందట. రెండు రోజులు ఎంతమంది ఎక్కి దిగినా సీటు కింద అలాగే ఉందట. శవం ఇంట్లో ఉన్నన్నాళ్లూ వాళ్లు ఇల్లు ఊడవరు. గుమ్మంలో పేరుకున్న దుమ్ము మీదే ఆ చెప్పును పెట్టి వెళ్లిపోయాడు. కుడికాలి చెప్పు అది. నలభై ఏళ్లు ఒకే బల్ల ముందు కుడికాలి మీద బరువు మోపి నిలబడ్డ మనిషిది కాబట్టి, మడమ దగ్గర రబ్బరు ఆకంత పలుచగా అరిగి, అవతలి వెలుగు కనిపిస్తోంది.