ఊరు చూడబోయిన ఫ్వెన్‌సాంత

ఏప్రిల్ మధ్యలో ఒక పొద్దున, గోడకి రెండో పూత సున్నం వేస్తూ ఫ్వెన్‌సాంత నిచ్చెన మీంచి పడింది. పడేటప్పుడు కూడా చేతిలో బ్రష్షు వదల్లేదు. మొగుడు అసిస్క్లో వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి నేల మీద పక్కకి ఒరిగి పడి ఉండి, "కుండీలేమైనా పగిలాయా?" అని అడిగింది.

కుండీలు పగల్లేదు. ఆవిడ తుంటి ఎముక విరిగింది.

కోర్దోబాలో సాన్ బసీలియో పేటలో వాళ్లది పాత ఇల్లు. గదుల మధ్య ఆకాశం కనబడే లోగిలి, ఓ మూల బావి, గోడల నిండా నీలం కుండీలు. మే నెల వచ్చిందంటే ఆ పేటలో ఇలాంటి ఇళ్లవాళ్లు వీధి తలుపులు బార్లా తెరుస్తారు. ఎక్కడెక్కడి జనమో వచ్చి, వీధి మలుపు దాకా వరస కట్టి, ఒక్కో లోగిలీ చూసి పోతారు. ఊరికి పేరంతా ఆ పూలతోనే. ఏ లోగిలి అందమో తేల్చే పోటీ, బహుమతులూ ఉంటాయి. ఫ్వెన్‌సాంత వాళ్లమ్మ నాటినుంచీ ఏ మే నెలలోనూ ఆ ఇంటి తలుపు తియ్యకుండా ఉన్నదే లేదు.

అసిస్క్లోకి మాత్రం మే అంటేనే ఒళ్లుమంట. రైల్వే వర్క్‌షాపులో ఇనుముతో కుస్తీపట్టి రిటైరైన మనిషి. ముక్కూమొహం తెలియనివాళ్లు తన కిటికీ ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే చిర్రెత్తుకొచ్చేది. "ఇది ఇల్లా, రైల్వే స్టేషనా?" అని గొణుక్కుంటూ మలుపు మీది బారుకి పోయి, తలుపు మూసే వేళదాకా డామినో ఆడుకుంటూ కూచునేవాడు.

ఆపరేషనయిన మర్నాడు ఆసుపత్రిలో మంచం పక్కన కూచుని మెల్లగా మాట కదిపాడు.

"ఈ ఏడాదికి తలుపు తియ్యొద్దులే. ఊళ్లో ఇన్ని లోగిళ్లున్నాయి. మనదొక్కటి చూడకపోతే ఎవరూ ఏడవరు."

"నేను ఏడుస్తాను," అంది ఫ్వెన్‌సాంత.

 అతను కిటికీ వంక తిరిగాడు.

"తలుపు దగ్గర ఎవరు నిలబడతారు మరి?"

ఆవిడ అతణ్ణి కిందినుంచి పైదాకా చూసింది. "నీకు కాళ్లున్నాయిగా."

అలా మొదలైంది. రోజూ పొద్దున్నే ఫోను మోగేది. ఫెర్నులకి ఆకుల మీద పోయకు, మొదట్లో పొయ్యి. వాడిన పువ్వు కనిపిస్తే తుంచెయ్, జాలిపడకు. పై వరస కుండీలకి పొడుగాటి రెల్లుకర్ర చివర రేకుడబ్బా కట్టి నీళ్లు ఎత్తిపోయాలి. ఆ కర్ర ఫ్వెన్‌సాంత చేతిలో ఎంత ఒద్దికగా ఉండేదో అసిస్క్లో చేతిలో అంత పెంకితనం చేసింది. మొదటిరోజు సగం నీళ్లు చొక్కా చేతిలోంచి జారి నడుందాకా దిగాయి.

రెండిళ్ల అవతల ఉండే అరసెలి అప్పుడే గుమ్మంలోకి వచ్చి చూసింది. ఆవిడా ఏటా పోటీలో నిలబడేదే. ఫ్వెన్‌సాంతకి ప్రాణస్నేహితురాలు, మే నెలలో మాత్రం బద్ధశత్రువు.

"నీళ్లు మొక్కలకోయ్ అసిస్క్లో, చంకలకి కాదు!"

"నీ ఇంట్లో నీకు పనేం లేదా?"

"ఉంది. కానీ ఇంత వినోదం లేదక్కడ."

వినోదం చూసి వెళ్లిందా అంటే లేదు. సగంలో ఆగిన సున్నం కూడా అతను వేసేదాకా నిచ్చెన పట్టుకుని కదల్లేదు.

ఇంతలో ఒక ఘోరం జరిగింది. బావిగట్టు మీది ముదురెరుపు కార్నేషన్ చచ్చిపోయింది. ఫ్వెన్‌సాంత వాళ్లమ్మ పెంచిన మొక్క అది. భయంకొద్దీ దానికి రోజూ రెండుపూటలా నీళ్లుపోశాడు అసిస్క్లో, వేరు కుళ్లిపోయింది. సంత దాకా పోయి, ఎంతో వెతికి అచ్చం అలాంటిదే ఒకటి కొనుక్కొచ్చి అదే కుండీలో నాటాడు. మట్టి మీద పాత ఎండుటాకులు కూడా నాలుగు చల్లాడు.

ఆ సాయంత్రం ఆవిడ వీడియో కాల్ చేసింది. "గోడలన్నీ చూపించు. మెల్లగా. ఆఁ, బావి వైపు తిప్పు... ఆగు. ఎవరది?"

"ఎవరేంటి? ఎవరూ లేరు ఇక్కడ."

"బావిగట్టు మీద. ఆ కొత్త మనిషి ఎవరని."

అసిస్క్లో ఇక దాచలేకపోయాడు. నిజం చెప్పేశాడు.  తెరమీద దిండూ, ఆవిడ నెరిసిన జుట్టూ మాత్రమే కనబడుతున్నాయి.

"ఫ్వెన్‌సాంతా... తిట్టు. తిట్టేసెయ్."

"మా అమ్మ దాన్ని రెండుసార్లు చంపింది తెలుసా," అంది ఆవిడ చివరికి. గొంతు వణికింది గానీ అది ఏడుపు కాదు, నవ్వు. "రెండుసార్లూ అరసెలి వాళ్లింట్లోంచి కొమ్మ తెచ్చి పెట్టింది. వాళ్ల మొక్క ఒకప్పుడు మనింట్లోంచి వెళ్లిన కొమ్మే. వెళ్లి అడుగు. ఏడిపించకుండా ఇవ్వదులే, భరించు."

అరసెలి ఏడిపించింది. కొమ్మా ఇచ్చింది.

మే వచ్చింది. మొదటిరోజు అసిస్క్లో ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మం దగ్గర టికెట్ కలెక్టర్‌లా బిగుసుకుని నిలబడ్డాడు. "కుడివైపు నడవండి. ఆకులు ముట్టుకోవద్దు. ఆగకండి, వెనకాల జనం ఉన్నారు." చెప్పిందే చెప్పి సాయంత్రానికి గొంతు రాసుకుపోయింది. అతనికి వింతగా తోచిందేంటంటే, లోపలికొచ్చినవాళ్లలో చాలామంది పూలకంటే ముందు మనిషికోసం వెతుకుతున్నారు. "అమ్మగారు లేరా?" "ఫ్వెన్‌సాంత ఎక్కడ?" తుంటి సంగతి చెబితే, బొత్తిగా పరాయివాళ్లు, అతని చేయి పట్టుకుని అయ్యో అనేవారు. ఒకావిడ రుమాల్లో చుట్టిన బాదం మిఠాయిలు చేతిలో పెట్టి పోయింది.

నాలుగోనాడో ఐదోనాడో దేశానికి ఉత్తరాన్నుంచి వచ్చిన, టోపీ పెట్టుకున్న పెద్దాయన గోడముందు చాలాసేపు ఆగిపోయాడు.

"అయ్యా, కాస్త ముందుకి నడవాలి," అన్నాడు అసిస్క్లో.

"మీరేనా ఆ ఇనుము మనిషి?"

"ఏ ఇనుము?"

పెద్దాయన ఒక కుండీ మీది పూలని వేలితో పక్కకి జరిపి, ఆ కుండీని గోడకి పట్టి ఉంచిన ఇనప కడియాన్ని చూపించాడు. "మేం వచ్చిన ప్రతిసారీ ఆవిడ చూపిస్తుంది. పూలు చూసి మురిసిపోయింది చాలు, వాటి వెనక చూడండి, ఇవన్నీ మా ఆయన చేశాడు అంటుంది. ఇన్నేళ్లలో ఒక్కటీ ఊడి పడలేదు అంటుంది. మాకు ఈ గోడ మీద ముందు కనబడేవి ఇప్పుడు ఇవే."

అసిస్క్లో నిజంగానే మర్చిపోయాడు. పెళ్లయిన కొత్తలో మేస్త్రీని బతిమాలి, వర్క్‌షాపులో మిగిలిన కమ్మీ ముక్కలు వంచి, సెలవురోజుల్లో ఒక్కొక్కటిగా చేసుకొచ్చి గోడలకి దిగ్గొట్టాడు. తర్వాత వాటిమీదికి కుండీలొచ్చాయి, పూలొచ్చాయి, జనం వచ్చారు, తను డామినోకి వెళ్లిపోయాడు. ఇన్ని మే నెలలు బారులో కూచుని తన ఇంట్లో తనకి చోటు లేదని విసుక్కున్నాడు. ఇక్కడేమో ఆవిడ వచ్చినవాళ్లందరికీ అతణ్ణే చూపిస్తూ నిలబడింది.

ఆ మధ్యాహ్నం భోజనానికి తలుపు వేసిన వేళ ఆసుపత్రికి వెళ్లి, నారింజపండు ఒలిచి, తొనల మీది తెల్లటి పీచు కూడా తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఏంటి, అలా చూస్తున్నావు?"

"ఏం లేదు. తిను."

"ఇంకే మొక్కని చంపావు?"

"తినమన్నానా."

మే రెండోవారంలో ఆవిణ్ణి ఇంటికి పంపారు. ఎక్కువ నడవకూడదు, చక్రాల కుర్చీలో తిప్పాలి అన్నారు. సాయానికి ఆవిడ చెల్లెలు సొకోర్రో వచ్చింది. మంచి మనిషే గానీ ఒక చెవి వినబడదు. అంబులెన్సు వీధి మొదట్లో దింపేసరికి, ఇంకా తలుపు తియ్యకముందే గుమ్మం ముందు వరస చాంతాడంత ఉంది. అసిస్క్లో జనాన్ని తప్పించబోతుంటే ఫ్వెన్‌సాంత అతని చొక్కా పట్టి లాగింది.

"వద్దు. వరసలోనే పోదాం."

"నీ ఇంటికి నువ్వు వరసేంటి?"

"బయటినుంచి వచ్చినవాళ్లకి ఎలా కనబడుతుందో నాకేం తెలుసు? ఒక్కసారి చూడనీ."

సొకోర్రో ముందు వెళ్లి తలుపు తీసి అక్కడ నిలబడింది. వాళ్లిద్దరూ ఎండలో వరస వెంట ఒక్కో అడుగూ జరిగారు. ముందున్న కుర్రజంటలో అమ్మాయి వెనక్కి తిరిగి, "మీరూ మొదటిసారేనా?" అంది.

"మొదటిసారే," అంది ఫ్వెన్‌సాంత.

"ఏ ఊరు మీది?"

"దగ్గరే."

గుమ్మం దాటారు. చల్లదనం మొహానికి తగిలింది. మల్లెవాసన, తడి గులకరాళ్ల వాసన. తల పైకెత్తి ఒక్కో గోడా చూసింది. కొన్ని కుండీలు వంకరగా ఉన్నాయి, ఒకచోట పూలు పలచబడ్డాయి. వేరే రోజైతే అతణ్ణి కడిగేసేది. "బాగుంది," అని మాత్రం అంది. ఆ తర్వాత అతని చెయ్యి తడిమి పట్టుకుంది.

రెండురోజులు గుమ్మం పక్కన కుర్చీలో కూచుని వచ్చినవాళ్లని పలకరించింది. కానీ మూడో సాయంత్రం అసిస్క్లో గమనించాడు, ఆవిడ చూపు లోపలి పూలమీద లేదు, వీధి మీదుంది.

"ఏంటి?"

"అరసెలి లోగిలి ఎలా ఉందో ఈ ఏడాది. అందరూ చెప్పుకుంటున్నారు." కాస్త ఆగి అంది, "మే నెలలో దాన్ని నేను చూసిందే లేదు. నేను తెరిచే వేళే అదీ తెరుస్తుంది. వెనక వీధివీ చూళ్లేదు. పెళ్లికాక ముందు చూశాను అంతే. ప్రపంచమంతా వచ్చి చూసిపోయింది, నేను తప్ప."

అసిస్క్లో లేచి కుర్చీ బ్రేకు తీశాడు.

"ఎక్కడికి?"

"ఊరు చూడ్డానికి."

"పోటీ జడ్జీలు ఇంకా రాలేదు! ఇవాళో రేపో వస్తారు. ఇద్దరం లేకపోతే..."

"రానీ. సొకోర్రో, తలుపు చూసుకో!"

"ఏంటి?"

"తలుపు!"

"ఎవరినీ వరస తప్పనివ్వను, వెళ్లండి," అంది సొకోర్రో.

రాళ్లు పరిచిన సందుల్లో చక్రాల కుర్చీ నడపడం మాటలు కాదు. అడుగడుక్కీ గడగడలాడింది. "సరుకుల బండి అనుకున్నావా నన్ను?" అని ఆవిడ, "సరుకైతే నోరు మూసుకునేది," అని అతను. అరసెలి ఇంటిముందు వరసలో నిలబడ్డారు. వాళ్ల వంతు వచ్చేసరికి అరసెలి కళ్లింత చేసుకుని చూసి, అంతలోనే సర్దుకుని, నడుంమీద చేతులు పెట్టుకుంది.

"రండమ్మా, రండి. ఆకులు మాత్రం ముట్టుకోవద్దు. కొందరికి చేతులు ఊరుకోవు."

"అలాగేనండి," అంది ఫ్వెన్‌సాంత, చేతులు ఒళ్లో పెట్టుకుని.

అరసెలి పూలన్నిటినీ ఒకే గోడకి చేర్చింది. గులాబీరంగు మొదలుకుని ఎరుపుదాకా పైనుంచి కిందికి జారుతున్నట్టు ఉంది గోడంతా. మిగతా గోడలు ఉట్టి తెల్లగా వదిలేసింది. ఫ్వెన్‌సాంత చాలాసేపు చూసింది.

"ఇలా చెయ్యాలని నాకెప్పుడూ తట్టలేదే," అంది.

అంతే. అరసెలి కళ్లు నిండాయి. వెనకున్నవాళ్లని ఆపేసి, వంగి ఫ్వెన్‌సాంతని వాటేసుకుని, "ఎన్నేళ్లకి వచ్చావే! నీకు చూపించాలనే కదా ఏటా చచ్చేది," అంది.

ఆ సాయంత్రం వాళ్లు వెనక వీధిలో మూడు లోగిళ్లు చూశారు. ఒకచోట కుండీల రంగు బాగాలేదని ఫ్వెన్‌సాంత గుసగుసగా చెప్పింది. ఆవిడ గుసగుస కాబట్టి అది వీధంతా వినబడింది. తర్వాత పాత మసీదు పక్కనుంచి నారింజచెట్ల ఆవరణలోకి వెళ్లి కాసేపు కూచున్నారు. ఒక చిన్న దుకాణం ముందు చిక్కటి చల్లటి టమాటా సూపు సాల్మొరేఖో చెరో గిన్నె తిన్నారు. రోమన్ వంతెన మీదికి వచ్చేసరికి ఎండ పసుపుపచ్చగా మారి ఏటి నీళ్లమీద పడుతోంది. ఫోటోలు తీసుకునే జనం మధ్య ఫ్వెన్‌సాంత ఒక పరదేశి కుర్రాణ్ణి పిలిచి ఫోను చేతిలో పెట్టింది.

"మా ఇద్దరినీ తియ్యి బాబూ. వెనకాల ఊరు పడాలి."

అసిస్క్లో ఫోటోలకి మొహం చిట్లిస్తాడు. ఆ రోజు చిట్లించలేదు.

ఇంటికొచ్చేసరికి సొకోర్రో గుమ్మంలో కోపంగా నిలబడి ఉంది.

"ఎవరో నలుగురొచ్చారు, మెడలో బిళ్లలు వేసుకుని. వరసలో రాకుండా నేరుగా జొరబడబోయారు. వెనక్కి పొమ్మన్నాను. ఏదో చెప్పారు గానీ నాకు వినబళ్లేదు. పోయి అందరి వెనకాల నిలబడ్డారు పాపం. ఆకులు కూడా ముట్టుకోనివ్వలేదు నేను."

అసిస్క్లో ఫ్వెన్‌సాంత మొహంలోకి చూడ్డానికి భయపడ్డాడు. ఆవిడ భుజాలు అదురుతున్నాయి. వంగి చూస్తే నవ్వుతోంది, తుంటి పట్టుకుని, నొప్పికి మూలుగుతూ, ఆపుకోలేక నవ్వుతోంది. అది చూసి అతనూ మొదలుపెట్టాడు.

ఆ ఏడాది వాళ్లకి ఏ బహుమతీ రాలేదు. అరసెలికి రెండోది వచ్చింది. ఫ్వెన్‌సాంత ఆ కబురు విని ఒక పూట ముభావంగా ఉండి, సాయంత్రం తనే మిఠాయి పంపించింది. శరత్కాలానికల్లా చేతికర్ర పట్టుకుని నడిచింది. తర్వాతి మేలో ఇద్దరు ఆడవాళ్లూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఒకరు ఊరు చూడబోయిన సాయంత్రం రెండోవాళ్ల మనిషి వచ్చి వాళ్ల తలుపు చూసుకోవాలి. అసిస్క్లో డామినో మానేశాడు. మానేశాననడు, మే తర్వాత ఆడతానంటాడు. తలుపు దగ్గర నిలబడి ఎవరెవరికో దారులు చెబుతుంటాడు. అరసెలి ఇంటి మనిషి తలుపు చూసుకోవడానికి వచ్చిన రోజున, సాయంత్రం ఆరింటికి ఫ్వెన్‌సాంత కర్ర తీసుకుని, మంచి గౌను వేసుకుని వీధిలోకి వస్తుంది.

"ఇవాళ ఎటు?" అంటాడతను.

"సాన్ లొరెంసో వైపు. అక్కడ ఒక నిమ్మచెట్టుందట, మేడ మీదికెక్కిందట."

"దూరం కదే. నడవగలవా?"

"నువ్వున్నావుగా. పద."