భూపాల్ నొప్పి, సదయ్య నడుము

ఈ సంగతి నాకు మొదలు చెప్పింది పోశవ్వ. గని గేటు కాడ ఇరవై ఏండ్ల సంది సర్వపిండి అమ్ముతది. చూసింది చూసినట్టే చెప్పే మనిషి. తర్వాత యూనియన్ ఆఫీసు బల్లల మీద కూసుండెటోళ్లు దీన్ని తమకు తోచినట్టు మలుపుకున్నరు. వాళ్లెవరో నాకు యాదికున్నది. వాళ్ల మాట ఇందుల ఒక్కటి కలువలేదు.

గోదావరిఖనిల ఆ గనికి మొదటి షిఫ్టు పోయెటోళ్లకు పొద్దున ఒక వరుస ఉన్నది. ముందుగాల పోశవ్వ కాడ సర్వపిండి ముక్క. పక్కనే సమ్మవ్వ రేకుల ఇంట్ల నొప్పులు పెట్టుడు. తర్వాత హాజరు మస్టర్, ఆఖరుకు ల్యాంపు తీసుకొని గనిలకు దిగుడు. సమ్మవ్వ గడపల కూసుంటది. మోకాలు నొచ్చెటోడు మోకాలు చూపిస్తడు, భుజం నొచ్చెటోడు అంగీ జరుపుతడు. ఆమె అరచెయ్యి ఆనిచ్చి, పిండిలకెళ్లి వెంట్రుక తీసినట్టు మెల్లగ గుంజి, గుడ్డపీలికల ముడేసి గోడ మేకుకు తగిలిస్తది. ఎవరి మేకు వాళ్లదే. షిఫ్టు దిగినంక ఎవరి నొప్పి వాళ్లు తీసుకపోవాలె. ఒకసారి బద్రుద్దీన్ అనే ఫిట్టర్ తన మోకాలి నొప్పి ఇడిసిపెట్టి బండెక్కి పోతుంటె, ముసలామె ముడి పట్టుకొని బజారు దాక ఉరికిందట. షిఫ్టు దాటితె ముడిల నిలువది, పాలు ఇరిగినట్టు ఇరుగుతది అంటది.

ముప్పై రెండేండ్ల నౌకరిల ఆ గడప తొక్కనోడు సదయ్య ఒక్కడే. ఆయన సర్దార్. ముఠా పనిలకు దిగకముందు కర్రతోని పైకప్పు కొట్టి, చప్పుడు ఇని, పొండ్రి అని చెప్పుడు ఆయన పని. ఆయన అననిదె ఎవ్వడు అడుగు పెట్టడు. రిపోర్టు బుక్కుల తాను కొట్టి ఇన్నదే రాస్తడు, ఒకరు చెప్పినది రాయడు. నడుము నొప్పి ఆయనకు కూడ ఉండె. దాని మాట పెండ్లాం రాజకుమారి ముందట, ఐదేండ్లకోసారి పరీక్ష చేసే డాక్టర్ ముందట తప్ప ఎన్నడు ఎత్తలేదు.

ఆయన ముఠాలనే భూపాల్ పని చేసేది. పైకప్పు కింద దుంగలు నిలబెట్టెటోడు. ఐదేండ్ల కింద బొగ్గు గోడ జారి మీద పడ్డది. బొక్కలు ఇరగలేదు. దవాఖానల ఫొటోలు తీసి అంత సాఫ్ ఉన్నదన్నరు. భూపాల్ మాత్రం నడుము నడుము అనుడు మానలేదు. సమ్మవ్వ తీసిపెట్టిన షిఫ్టు ఎట్లనో గడిచేది గాని, తిరిగి పెట్టించుకున్నంక రెండు మూడు రోజులు మంచం దిగకపోయేది. మంచం దిగితెనె గదా సమ్మవ్వ దాక వచ్చేది. అట్ల మస్టర్లు తక్కువ పడ్డయి. కంపెనీ ఎంక్వయిరీ పెట్టింది. నాగాలు కారణం లేనివని తేలితె నౌకరి పోతది. సర్దార్‌ను అడిగితె సదయ్య రెండే మాటలు రాసి దస్కతు పెట్టిండు. దొంగ నొప్పి అని. భూపాల్ ఎదురుపడి నిలదీసిండు.

"నాకు లేదారా నడుము? నేను వస్తలేనా డ్యూటీకి?" అన్నడు సదయ్య. ముఠా నవ్వింది.

ఎంక్వయిరీ ఇంక పది రోజులున్నదనంగ, సమ్మవ్వ ఇంటి ముందట్నే సదయ్య బూటు దారం కట్టుకోను ఒంగిండు. లేవరాలేదు. వెనుక ముఠా వస్తున్న మాటలు ఇనవడుతున్నయి. వాళ్లు చూస్తరన్న సిగ్గుతోని పక్కనున్న గడపలకు పాకిండు. జల్ది తియ్యుమన్నడు. సమ్మవ్వ ఏమని అడగలేదు, తీసింది. ఆయనకు మేకు లేకపాయె. భూపాల్ మూడు రోజుల సంది వస్తలేడు గదా అని వాని మేకుకే తగిలిచ్చింది. ఆ పూటనే భూపాల్ ఎంక్వయిరీ నోటీసుకు భయపడి కుంటుకుంట వచ్చిండు. ఒక మేకుకు రెండు ముడులాయె, రెండూ నడుములే. షిఫ్టు దిగినంక ముందు భూపాల్ వచ్చి ఒకటి పెట్టించుకొని పోయిండు. ఎవరు లేంది చూసి సదయ్య వచ్చి రెండోది పెట్టించుకున్నడు.

క్వార్టర్ దాక నడిచేలోపట్నే ఆయనకు అర్థమైంది, ఇది తనది కాదని. తన నొప్పి కట్టేసిన దున్నపోతు లెక్క. బరువు. ఒంగితె పొడుస్తది, ఊకుంటె ఊకుంటది. ఇది అట్ల లేదు. దీనికి బరువే లేదు. నడుముల ఒక మూలకు ఒదిగి, చెవి ఒగ్గి ఇంటున్నది. అడుగు వెయ్యంగనె రాదు. అడుగు వేసి, ఏం కాలేదు లెమ్మని ఊపిరి ఇడిసినంక వస్తది.

నడుము నొస్తున్నదని రాజకుమారికి చెప్పిండు. ఆమె బియ్యం చెరుగుతున్నది.

"నొయ్యకేం జేస్తది. పెండ్లినాటి సంది నొస్తనే ఉన్నది."

"ఇది నాది కాదే. భూపాల్‌ది కావచ్చు."

ఆమె చాట కింద పెట్టింది. "అయితె ఎట్లున్నది?"

సదయ్య నోరు తెరిచిండు. గుంజుతున్నది అందామంటె తన దాన్ని అదే మాట అన్నడు. పోటు అందామంటె అదీ అయిపోయింది. ఇంట్ల ఉన్న మాటలన్ని పాత నొప్పికే పెట్టేసిండు.

"ఇట్ల కాదు," అన్నడు.

"ఎట్ల కాదు?" అన్నది రాజకుమారి. ఆమె ఎక్కిరింపుకు అనలేదు, నిజంగనె అడిగింది. అందుకె ఆయనకు మరింత బాధైంది.

తెల్లారి భూపాల్ ఇంటికి పోయిండు. భూపాల్ నిచ్చెన మీద నిలబడి బీరతీగెను దడికి కడుతున్నడు. ఐదేండ్లల నిచ్చెన ముట్టని మనిషి.

"నీ నొప్పి మర్యాదస్తుడు సదన్న," అన్నడు దిగుకుంట. "తలుపు కొట్టి వస్తది. చెప్పి పోతది."

తన దాన్ని ఇంకొకడు మెచ్చుకుంటె సదయ్యకు కోపమొచ్చింది. దాన్ని మింగి, అడగవలసింది అడిగిండు. నీకు కూడ గిట్లనే ఉండెనా, ఊపిరి ఇడిసినంక వచ్చుడు?

భూపాల్ జారిన తీగెను దడికి దోపిండు. "ఊపిరి ఇడుసుడే లేకుండె అన్న నాకు," అన్నడు.

అప్పుడు పట్టింది సదయ్యకు గుబులు. మరి తన కాడ ఉన్నదేంది? ముడిల ఉన్నంతసేపు అది భూపాల్‌దే. తన ఒంట్లకు వచ్చినంక నీళ్లు చెంబుల పోస్తె చెంబు తీరు, ముంతల పోస్తె ముంత తీరు అయినట్టు మారిందా? భూపాల్‌కు దీనికి రెండింతలు ఉండెనో, సగమే ఉండెనో. అడిగితె భూపాల్ కాడ కూడ అవే మాటలు. గుంజుడు, పోటు, సలుపు. ఇద్దరు అరుగు మీద కూసొని ఆ మాటలే అటు తిప్పి ఇటు తిప్పి చెప్పుకున్నరు. ఎక్కడా అతకలేదు.

సమ్మవ్వను అడిగితె, ఇద్దరు ఒక్క పొద్దున కలిసి వస్తె మార్చి పెడతనన్నది. తప్పు తనదేనని లెంపలు కూడ వేసుకున్నది. భూపాల్ మాత్రం ఎంక్వయిరీ అయ్యెదాక ఆగుమన్నడు. నా నొప్పి ఒంట్ల పెట్టుకొని ఎంక్వయిరీల మాట్లాడు సదన్న, అప్పుడు నీ మాటకు బలముంటది అన్నడు. సదయ్య సరేనన్నడు. దస్కతు పెట్టిన మాట వాపసు తీసుకునుడు ఆయన జన్మల లేదు. మాట మార్చిన సర్దార్ పొండ్రి అంటె రేపు ఎవడు దిగుతడు? అది ఎరిగి కూడ సరేనన్నడు. మిగిలిన రోజులన్ని అందరి ముందట సమ్మవ్వ వరుసల నిలబడ్డడు. ముఠా ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు.

ఎంక్వయిరీ సారు గనులున్న కాసిపేటల పుట్టి పెరిగినోడు, నొప్పులు తీసిపెట్టుడసొంటివి ఎరిగినోడే. సదయ్య నిలబడి, తాను తప్పు రాసిన్నని, భూపాల్ నొప్పి నిజమని చెప్పిండు.

"నీకెట్ల తెలుసు?"

"ఇప్పుడు నా కాడ ఉన్నది సార్."

సారు తల ఊపిండు. "భూపాల్ కాడ ఏమున్నది మరి?"

"నాది ఉన్నది."

"నీ దాంతోని నువ్వు ముప్పై రెండేండ్లు డ్యూటీ చేసినవు. అయితె ఆయన కూడ చేస్తడు." కాయితం మీద రాసుకున్నడు. భూపాల్ నౌకరి అట్ల నిలబడ్డది, ఒక్క గీతతోని. తర్వాత సారు కలం ఎత్తిండు. "ఇగ పాత నాగాల సంగతి. నీ దానికి, దీనికి తేడా ఏందో చెప్పు. రాసుకుంట."

గుంజుతది అన్నడు సదయ్య. సారు ఆయన ఫైలు తిప్పి, ఫలానా ఏట జరిగిన పరీక్షల డాక్టర్‌కు నువ్వు చెప్పిన మాట ఇదేనన్నడు. పోటు అన్నడు. అదీ ఉన్నది. సలుపు, తిమ్మిరి, మంట, ఏది అన్నా ఆయన ఫైలుల ఆయన పేరు మీదనే దొరికింది. నిలబడ్డ చోటనె అది వచ్చింది, ఒకసారి ఊపిరి ఇడిసినంక.

"ఇది ఇంటది సార్," అన్నడు.

"నొప్పి ఇనుడేంది?"

మూలకు కూసున్న క్లర్కు కిసుక్కుమన్నడు. ఆ క్లర్కు ఎవరో కూడ నాకు తెలుసు. సారు నవ్వలేదు. తేడా చెప్పలేకపోయెనని, సొంత నొప్పిని ఇంకొకనిదిగా చూపి మాట మార్చెనని, నమ్మదగిన మనిషి కాడని రాసిండు. సర్దార్ కర్ర తీసుకున్నరు. పాత నాగాలకు భూపాల్‌కు వార్నింగ్ ఇచ్చి ఇడిసిపెట్టిండ్రు. సదయ్యను పైన బొగ్గు మోసే బెల్టు కాడ, బొగ్గుల రాళ్లు ఏరే పనికి వేసిండ్రు. పొద్దంత ఒంగి చేసే పని అది.

తెల్లారి భూపాల్ అందరికంటె ముందే సమ్మవ్వ గడపల కూసున్నడు, అంగీ జరుపుకొని. సదయ్య రాంగనె లేచిండు.

"నాది నాకియ్యి అన్న. నాకు అలవాటైనదే."

సదయ్యకు ఆశ పుట్టలేదంటె అబద్ధం. తన దున్నపోతు మీద పాణం గుంజుతనే ఉన్నది. పోశవ్వ పెనం మీద చెయ్యి ఆపి చూస్తున్నది. సదయ్య సమ్మవ్వ చేతుల దిక్కు, భూపాల్ నడుము దిక్కు చూసిండు.

"నీ ఒంట్ల ఇది ఎట్లుంటదో నాకు తెల్వది," అన్నడు. "తెల్వని దాని కిందికి నేను మనిషిని పంపలేదు. ఇప్పుడు పంప."

భూపాల్ బతిమిలాడిండు. చెయ్యి పట్టుకున్నడు. కర్ర గుంజుకుంటె గుంజుకున్నరు, ఇంక సర్దారీ ఇడువవా అని తిట్టిండు కూడ. సదయ్య ఇనలేదు. సమ్మవ్వ సదయ్యకని గోడకు ఇంకొక మేకు కొట్టింది.

ఆ ఏడాది భూపాల్ మస్టర్లు నిండినయి, ఆ మీది ఏడాది కూడ. సదయ్య రెండేండ్ల మూడు నెలలు రాళ్లు ఏరి నౌకరి దిగిపోయిండు. చివరినాడు ఆయన ముఠాల నుంచి దండ పట్టుకొని వచ్చినోడు ఒక్కడే, అది ఎవరో చెప్పనక్కర లేదు. తక్కినోళ్లు, సుఖం డ్యూటీ కోసం దొంగ నొప్పి పెట్టి దొరికిండన్నరు. రామకృష్ణాపూర్ దాక అదే కథ పోయింది. సదయ్య ఇప్పుడు జైపూర్ దిక్కు తన ఊర్లె ఉన్నడు. సమ్మవ్వ లేని ఊరు. నొప్పిని ఒక పూట అటు పెట్టెదానికి లేదు. పోశవ్వ ఒకసారి పోయి చూసొచ్చింది. మాట్లాడుకుంట మాట్లాడుకుంట నడుమ ఆగుతడట, దేనికోసమో చూస్తున్నట్టు.

ఆ ఎంక్వయిరీ కాయితం ఇంక ఆఫీసులనే ఉన్నది. భూపాల్ బిడ్డ శోభ చదువుకొని అదే ఆఫీసుల పాత ఫైళ్లు చూసే పనిల చేరిందని ఇన్న. బిడ్డా శోభా, నాకు నాలుగు అక్షరాల కంటె ఎక్కువ రావు, చదువు వచ్చిన నీకు చెప్తున్న. ఆ కాయితం తీసి, కింద జాగ ఉంటె నీ చేతితోని ఒక్క మాట రాయి. తేడా ఉండె, చెప్పెదానికి మాట లేకుండె అని. తారీకు వెయ్యి. సర్దార్ సదయ్య అని పేరు ముందట సర్దార్ పెట్టి రాయి.